మంచూ నిప్పూ కలిసిన దేశం



మన రాత్రి బడి గోడకు ప్రపంచ పటం తగిలించి ఉంది కదా. మొన్న ఒకరోజు అందరం దాని ముందు నిలబడి పేర్లు చదువుతున్నాం. పత్తి తీతకు పోయివచ్చిన ఒక అక్క పటం పై అంచున వేలు పెట్టింది.

"టీచరమ్మా, ఇక్కడ నీళ్ల మధ్య బెల్లం ముక్కంత ఉంది. ఇదేం దేశం?" అంది.

నేను చెప్పలేదు. ఆమే కూడబలుక్కుని చదివింది. ఐ - స్ - లాం - డు.

"ఐసా? అయితే ఐసు గడ్డలు తప్ప అక్కడేముంటాయి? మనుషులుంటారా?" అని అందరూ నవ్వారు.

ఉంటారు. వాళ్లకీ గొర్రెలున్నాయి, ఎండు చేపలున్నాయి, కూలి తగువులున్నాయి. వాళ్ల సంగతే ఈ పాఠం. కొంచెం పెద్ద పాఠం. రెండు మూడు రాత్రులు చదువుకోవచ్చు.

ఎక్కడ ఉంది?

ఐరోపా ఖండానికి ఉత్తరాన ఐదు దేశాలున్నాయి. డెన్మార్కు, నార్వే, స్వీడన్, ఫిన్లాండు, ఐస్లాండు. వీటిని నార్డిక్ దేశాలు అంటారు. అంటే ఉత్తరాది దేశాలని. మొదటి నాలుగూ ఇరుగుపొరుగు ఇళ్లలా దగ్గర దగ్గరగా ఉంటాయి. ఐస్లాండు మాత్రం దూరంగా, అట్లాంటిక్ మహాసముద్రంలో ఒంటరిగా ఉంటుంది. అది ఒక దీవి. చుట్టూ ఉప్పు నీళ్లే.

దాని విస్తీర్ణం సుమారు 1,03,000 చదరపు కిలోమీటర్లు. ఆంధ్రప్రదేశ్‌ను మూడు వాటాలు వేస్తే దాదాపు రెండు వాటాలంత. జనం మాత్రం నాలుగు లక్షల లోపే! ఒక్క గుంటూరు పట్టణంలోనే అంతకంటే ఎక్కువమంది ఉంటారు. అంత పెద్ద దేశంలో అంత తక్కువ జనం ఎందుకు? దేశం నడుమ ఊరనేది లేదు. రాళ్లు, బూడిద, మంచు. ఊళ్లు ఎక్కువగా సముద్రం ఒడ్డునే ఉంటాయి. దేశంలో పదో వంతు నేల ఎప్పటికీ కరగని మంచు కింద ఉంది. అన్నిటికంటే పెద్ద మంచు మేట పేరు వత్నయోకుల్. నోరు తిరగడం లేదా? నాకూ తిరగలేదు. వత్న - యో - కుల్. అది ఒక్కటే పాత గుంటూరు జిల్లాలో మూడింట రెండు వంతులంత ఉంటుంది.

చలి ఎంత? మిర్చి టిక్కీలు దాచే కోల్డు స్టోరేజీలోకి మనలో కొందరు పనికి పోయారు. లోపల ఒళ్లు ఎలా జలదరిస్తుందో వాళ్లకు తెలుసు. ఐస్లాండు చలికాలం అంతకంటే చలి. అక్కడి ఎండాకాలం పగటిపూట 12, 13 డిగ్రీలు ఉంటే మంచి ఎండ కాసినట్టే లెక్క. రోహిణి కార్తెలో మన రెంటచింతలలో 45 డిగ్రీలు దాటిన రోజులున్నాయి. వాళ్లను తెచ్చి మన మిరప కల్లంలో ఒక్క పూట నిలబెడితే ఏమైపోతారో!

పగలూ రాత్రీ కూడా అక్కడ మనలా ఉండవు. డిసెంబరులో పొద్దు పదకొండు దాటాక పొడుస్తుంది. మధ్యాహ్నం మూడున్నరకు కుంకుతుంది. నాలుగు గంటలే వెలుగు. జూన్ నెలలో దీనికి తలకిందులు. అర్ధరాత్రి దాకా పొద్దు ఉంటుంది. ఆ తరవాతైనా పూర్తిగా చీకటి పడదు. చలికాలం రాత్రుళ్లు ఆకాశంలో ఆకుపచ్చగా వెలుగులు కదులుతూ ఉంటాయి. ఎవరో పచ్చ చీర ఆరవేస్తే గాలికి ఊగినట్టు. సూర్యుడి నుంచి వచ్చే సన్నని కణాలు భూమి మీది గాలికి తగిలి అలా వెలుగుతాయి. వాటిని చూడడానికే దేశదేశాల వాళ్లు డబ్బు పెట్టి పోతారు.

గీజరు అనే మాట ఎక్కడిది?

పట్నంలో ఉన్నోళ్ల ఇళ్లలో స్నానానికి నీళ్లు కాచే పెట్టె ఉంటుంది. దాన్ని గీజరు అంటారు. ఆ మాట ఐస్లాండు నుంచి వచ్చింది!

అక్కడ గేసిర్ అనే చోట నేలలోంచి మరిగే నీళ్లు పైకి చిమ్మేవి. ఆ ఊట పేరే ప్రపంచమంతా పాకింది. ఇప్పుడు ఆ గేసిర్ చాలావరకు నిద్రపోతోంది. దాని పక్కనే ఇంకో ఊట ఉంది. అయిదు పది నిమిషాలకోసారి తాటిచెట్టు ఎత్తున వేడినీళ్లు ఎగజిమ్ముతుంది.

మంచు దేశంలో వేడినీళ్లు ఎలా? ఆ దేశం కింద భూమి లోపల నిప్పు చాలా దగ్గరగా ఉంది. కరిగిన రాయి కుతకుతలాడుతూ ఉంటుంది. వాన నీరు, మంచు నీరు లోపలికి ఇంకి, వేడెక్కి, పైకి తన్నుకొస్తుంది. ఆ దేశానికి రాజధాని రేక్యవిక్. ఆ మాటకు అర్థం పొగల రేవు. మొదట వచ్చినవాళ్లు ఒడ్డున లేచే ఆవిరి చూసి పొగ అనుకుని ఆ పేరు పెట్టారట.

ఇక్కడ ఆడవాళ్ల కథ ఒకటి చెప్పాలి. పటాలున్న పుస్తకాలలో ఇది ఎక్కువగా ఉండదు. రేక్యవిక్ ఊరికి మూడు కిలోమీటర్ల దూరంలో వేడినీటి ఊటలు ఉండేవి. ఊరి ఆడవాళ్లు, ఇళ్లలో పనికి కుదిరిన పనిమనుషులు బట్టల మూటలు వీపున వేసుకుని, మంచులో, గాలిలో ఆ ఊటల దగ్గరకు నడిచిపోయేవారు. అదే వాళ్ల చాకిరేవు. ఉతికి, తడి బట్టలు మోసుకుంటూ మళ్లీ నడక. తడి మూట బరువు ఎంతో నేను మీకు చెప్పాలా! కొందరు కాలు జారి మరిగే నీళ్లలో పడి చచ్చిపోయారు కూడా. ఆ తరవాత ఊటల మీద ఇనప కమ్మీలు బిగించారు. వాళ్ల నడక కోసం 1885 ప్రాంతంలో ఒక బాట వేశారు. దాని పేరుకు అర్థం "ఉతుకుల బాట". ఈనాడు ఆ బాటే రేక్యవిక్‌లో పెద్ద బజారు. అద్దాల దుకాణాలు, హోటళ్లు. పేరు మాత్రం మారలేదు.

1930లో ఆ ఉతుకుల ఊటల నుంచే గొట్టం వేసి ఊళ్లో ఒక బడికీ, కొన్ని ఇళ్లకీ వేడినీళ్లు తెచ్చారు. అలా మొదలైంది. ఇప్పుడు ఆ దేశంలో పది ఇళ్లలో తొమ్మిదింటికి నేల కింది వేడినీళ్లే చలి కాపుతున్నాయి. గొట్టాలు గోడల వెంబడి పోతాయి. ఇల్లంతా వెచ్చన. కట్టెలు లేవు, పొగ లేదు. పంపు తిప్పితే కొన్నిచోట్ల కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది. గంధకం వాసన అది. వాళ్లకు అలవాటే.

ఆ వేడితోనే అద్దాల ఇళ్లు కట్టి లోపల టమాటాలు, దోసకాయలు పండిస్తారు. అరటి చెట్లు కూడా పెంచారు. రొట్టె పిండిని డబ్బాలో పెట్టి వేడి నేలలో పాతిపెడతారు. మర్నాడు తవ్వి తీస్తే రొట్టె తయారు. ఇది విని మా తరగతిలో ఒక పిన్ని, "పొయ్యి ఊదే పని లేదన్నమాట" అని చాలాసేపు ఆలోచనలో పడింది.

నిప్పు ఊరుకోదు

మనకు ఉప్పెన ఎలాగో వాళ్లకు అగ్నిపర్వతం అలాగ. 1783లో లాకి అనే చోట భూమి చీలింది. ఎనిమిది నెలలు నిప్పు కక్కింది. విషపు గాలి గడ్డి మీద పడింది. గడ్డి తిన్న గొర్రెలు, పశువులు చచ్చాయి. తరవాత కరువు. ఆ దేశంలో అయిదుగురిలో ఒకరు పోయారు. మన గుంటూరు ప్రాంతంలో 1832-33లో నందన కరువు వచ్చింది. ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. కారణాలు వేరైనా ఆకలి ఒకటే.

1973 జనవరి 23న తెల్లవారకముందు హేమాయ్ అనే చిన్న దీవిలో ఊరి పక్కనే నేల పగిలింది. ఇళ్ల మీద నిప్పు రవ్వలు, బూడిద కురిశాయి. ముందురోజు తుపాను గాలి వల్ల చేపల పడవలన్నీ రేవులోనే ఉండిపోయాయి. అదే వాళ్ల అదృష్టం. సుమారు 5,300 మందిని ఆ రాత్రికి రాత్రే పడవల్లో అవతలి ఒడ్డుకు చేర్చారు. కరిగిన రాయి పారుతూ వచ్చి రేవును పూడ్చబోయింది. రేవు పోతే ఊరికి బతుకు లేదు. అప్పుడేం చేశారో తెలుసా? సముద్రం నీళ్లు పంపులతో తోడి ఆ నిప్పు మీద పోశారు. ఒక రోజు కాదు, నెలల తరబడి. రాయి గడ్డకట్టి ఆగింది. ఇళ్లు వందల్లో పోయాయి గాని రేవు మిగిలింది. చాలామంది తిరిగొచ్చి బూడిద ఎత్తిపోసి మళ్లీ కాపురాలు పెట్టారు.

ఇది పాత సంగతి అనుకోకండి. 2023 నవంబరులో గ్రిండవిక్ అనే చేపల ఊరిని ఇలాగే ఖాళీ చేయించారు.

బంగారు జలపాతం

మాచర్ల దగ్గర ఎత్తిపోతల చూశారా? నీళ్లు 70 అడుగుల ఎత్తు నుంచి పడతాయి. ఐస్లాండులో గుల్‌ఫోస్ అనే జలపాతం ఉంది. అర్థం బంగారు జలపాతం. రెండు మెట్లుగా 100 అడుగులకు పైగా కిందికి దూకుతుంది. ఎండ పడితే ఇంద్రధనుస్సు.

ఇప్పటి నుంచి వందేళ్ల కిందట కరెంటు తీయడానికి ఆ జలపాతాన్ని విదేశీ వ్యాపారులకు కౌలుకు ఇచ్చారు. పక్క పొలంలో ఉండే రైతు కూతురు సిగ్రిదుర్ ఒప్పుకోలేదు. గొర్రెలు కాసుకునే మనిషి. రేక్యవిక్ వంద కిలోమీటర్లకు పైన. కొండలు, వాగులు దాటుకుంటూ నడిచిపోయి ఆఫీసుల గుమ్మాలు ఎక్కేది. వకీలును పెట్టుకుని కోర్టుకు పోయింది. "నీళ్లు ఆపితే నేను జలపాతంలో దూకుతా" అందని చెప్పుకుంటారు. కోర్టులో ఆమె గెలవలేదు. కాని ఈ గొడవంతా సాగుతుండగా కౌలు డబ్బు కట్టక ఒప్పందం రద్దయింది. జలపాతం మిగిలింది. ఈ రోజు అక్కడ ఆమె ముఖం చెక్కిన రాయి ఉంది. ఆమె వకీలు తరవాత 1944లో ఆ దేశానికి మొదటి అధ్యక్షుడు అయ్యాడు. అంతకుముందు ఐస్లాండు మీద డెన్మార్కు రాజు పెత్తనం ఉండేది.

తిండీ, పశువులూ, పేర్లూ

వరి లేదు, జొన్న లేదు. సముద్రమే వాళ్ల పొలం. చేపలను గాలికి ఎండబెట్టి, చీల్చి, వెన్న రాసుకుని తింటారు. వాడరేవు, చీరాల వైపు వాళ్లకు ఎండు చేపల వాసన కొత్త కాదు. కారం మాత్రం వాళ్ల పాత వంటల్లో లేనే లేదు. మన మిరపకాయ అక్కడి తాతలెవరూ ఎరగరు.

గొర్రెలు మనుషుల కంటే ఎక్కువ ఉండేవి ఆ దేశంలో. ఎండాకాలం కొండల మీద వదిలేస్తారు. సెప్టెంబరులో ఊరంతా కలిసి పోయి తోలుకొస్తారు. చెవికి కోసిన గుర్తు చూసి ఎవరివి వాళ్లు విడదీసుకుంటారు. ఆ రోజు తిరునాళ్లే. ఆ ఉన్నితో ఆడవాళ్లు అల్లే చొక్కాలకు మెడ చుట్టూ పూసల దండలాంటి బుటా ఉంటుంది.

గుర్రాలు పొట్టివి, గట్టివి. వాటి గురించి ఒక చట్టం ఉంది. దేశం దాటిన గుర్రాన్ని మళ్లీ లోపలికి రానివ్వరు. జబ్బులు తెస్తుందని. మన ఒంగోలు గిత్త సముద్రాలు దాటి బ్రెజిల్ పోయి అక్కడ కోట్ల సంతతి అయింది. దాన్ని అక్కడ నెలోర్ అంటారు, మన నెల్లూరు పేరే. వాళ్ల గుర్రం పోతే పోయినట్టే.

దోమలు లేని దేశం అని ఐస్లాండుకు పేరుండేది. 2025లో మొదటిసారి మూడు దోమలు దొరికాయి. మూడంటే మూడు! అది దేశంలో పెద్ద వార్త అయింది.

పేర్ల సంగతి వినండి. ఇది మా తరగతిలో అందరికీ నచ్చింది. అక్కడ చాలామందికి ఇంటిపేరు ఉండదు. ఆడపిల్ల అయితే తండ్రి పేరుకు "దొత్తిర్" చేరుస్తారు. దొత్తిర్ అంటే కూతురు. తల్లి పేరైనా పెట్టుకోవచ్చు. పెళ్లయినా పేరు మారదు. పుట్టినప్పుడు ఎవరి కూతురో చచ్చేదాకా వాళ్ల కూతురే. మనలో రేషను కార్డులో ఒక ఇంటిపేరు, బ్యాంకు పుస్తకంలో ఇంకో ఇంటిపేరు ఉండి, డబ్బులు ఆగి, ఆఫీసు చుట్టూ తిరిగినవాళ్లు ముగ్గురున్నారు. వాళ్లు గట్టిగా నవ్వారు. నవ్వులో కొంచెం కోపం కూడా ఉంది.

దీపం కింద చదువు

పాత రోజుల్లో అక్కడ ఇళ్లు రాళ్లతో, మట్టితో కట్టి, పైన గడ్డి పెళ్లలు పరిచేవారు. పైకప్పు మీద గడ్డి మొలిచేది. మన పాత మట్టి మిద్దెల మీద వానాకాలం మొలిచినట్టే. లోపల పొడుగాటి గది ఒకటి. అందరూ అందులోనే పడుకోవడం, అందులోనే పని.

చలికాలం రాత్రి చాలా పొడుగు. చేప నూనె దీపం వెలిగించి అందరూ పనికి కూచునేవారు. ఒకరు ఉన్ని దువ్వుతారు. ఒకరు వడుకుతారు. ఒకరు అల్లుతారు. ఒక్కరు మాత్రం దీపం పక్కన కూచుని పైకి చదువుతారు. మిగతావాళ్లు చేతులు ఆపకుండా వింటారు. ఏం చదివేవారు? వీరగాథలు. ఎనిమిది వందల ఏళ్ల కిందట తోలు మీద రాసిన కథలు. రెండు కుటుంబాల పగలు, పంతాలు, ఊళ్లు విడిచి పోవడాలు. మన పల్నాటి వీరుల కథ లాంటివే అనుకోండి. దాదాపు ఆ కాలంవే. కారెంపూడిలో మనం పాటగా విన్నాం. వాళ్లు పుస్తకంగా చదివారు. అంతే తేడా.

బడులు లేవు. ఊళ్లు దూరం. పిల్లలకు ఇంట్లోనే చదువు చెప్పాలని 1740ల్లో చర్చి కట్టడి చేసింది. పాదిరి ఇంటింటికీ వచ్చి చదివించి చూసేవాడు. నేర్పింది ఎక్కువగా తల్లులూ, అవ్వలూ. అలా ఆ శతాబ్దం చివరికి చాలామందికి చదవడం వచ్చేసింది. పేద దేశం, చలి దేశం, అయినా సరే.

కాని ఒక మెలిక ఉంది. చదవడం నేర్పారు గాని ఆడపిల్లలకు రాయడం ఎందుకులే అన్నారు. రాత, లెక్కలు పిల్లలందరికీ నేర్పాలని చట్టం వచ్చింది 1880లో. చదివితే వినేది మనం. రాస్తే మన మాట ఇంకొకరు వినాలి. అందుకే ఆపారు కాబోలు.

ఈ దీపం చదువు గురించి చెప్పాక నేను ఒక మాట అన్నాను. "మనం కూడా మిరపకాయల తొడిమలు తీసే షెడ్డులో ఇలా చదువుకోవచ్చు కదా? ఒకరు చదవండి, మిగతావాళ్లు తీస్తూ వినండి."

ఒక అత్త వెంటనే అడ్డం వచ్చింది. "వాళ్లు సొంత ఉన్ని వడుక్కున్నారు. మనకు కిలో లెక్కన కూలి. చదివేదాని కూలి ఎవరిస్తారమ్మా?"

నాకు జవాబు తోచలేదు. వెనక నుంచి ఒక చెల్లెలు అంది. "తలా ఒక దోసెడు తొడిమ తీసినవి దాని గంపలో వేస్తే సరి."

మర్నాటి నుంచి అలాగే చేశారు. మొదటి రోజు చదివింది దినపత్రికలో మిర్చి ధరలు. రెండో రోజు ఎవరో వంటల పేజీ తెచ్చారు.

పైకి చదివిన పాఠం ఎంత దూరం పోతుందో మన పక్క జిల్లా వాళ్లకు తెలుసు. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో ఆడవాళ్లు అక్షర దీపం తరగతిలో సారా గురించి ఒక పాఠం చదివారు. చదివి ఊరుకోలేదు. రోశమ్మ, ఇంకా ఎందరో కలిసి ఊళ్లో సారా కొట్టు మూయించారు. అది జిల్లాలు పాకింది. 1993లో సారా నిషేధం, 1995లో పూర్తి మద్య నిషేధం వచ్చాయి. 1997లో ఎత్తేశారు. ఐస్లాండులోనూ 1915లో మద్య నిషేధం పెట్టారు. స్పెయిన్ దేశం "మా ద్రాక్ష సారాయి కొనకపోతే మీ చేపలు కొనం" అంది. చేపలే వాళ్ల బతుకు. 1922లో దాన్ని రానిచ్చారు. 1935లో మిగతావీ వచ్చాయి. ఒక్క బీరు మాత్రం 1989 దాకా నిషేధంలోనే ఉంది. డబ్బు వచ్చే చోట నిషేధం ఎంతకాలం నిలుస్తుందో రెండు చోట్లా ఒకేలా కనపడుతుంది.

పొడుగు శుక్రవారం

ఇప్పుడు అసలు కథ.

1975 నాటికి ఐస్లాండు ఆడవాళ్లు అందరూ చదువుకున్నవాళ్లు. చేపల ఫ్యాక్టరీల్లో, బడుల్లో, టెలిఫోను ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు. కాని మగవాడికి వంద వస్తే ఆడమనిషికి అరవై కూడా వచ్చేది కాదు. ఇంట్లో చేసే పని లెక్కలోకే రాదు. "మా ఆవిడ ఏమీ చేయదు, ఇంట్లోనే ఉంటుంది" అనే మాట అక్కడా ఉంది!

ఆ ఏడాదిని ఐక్యరాజ్య సమితి మహిళా సంవత్సరం అంది. కొందరు ఆడవాళ్లు సమ్మె చేద్దాం అన్నారు. ఇంకొందరు భయపడ్డారు. సమ్మె అంటే ఉద్యోగం పోతుందేమో, ఇంట్లో గొడవేమో. అప్పుడు ఒకామె "సమ్మె అనొద్దు, సెలవు అందాం" అంది. సెలవు రోజు! పేరు మారేసరికి పెద్దవాళ్లు, పిల్లలు, పల్లెల వాళ్లు, పట్నం వాళ్లు, అన్ని పార్టీల వాళ్లు ఒప్పుకున్నారు. మాట ఎలా ఎంచుకోవాలో చూడండి.

అక్టోబరు 24, శుక్రవారం. ఆ దేశంలో పది మంది ఆడవాళ్లలో తొమ్మిది మంది పని మానేశారు. ఆఫీసు పని, ఫ్యాక్టరీ పని, వంట పని, పిల్లల పని, ఏదీ ముట్టలేదు. బడులు మూతపడ్డాయి. చేపల ఫ్యాక్టరీలు ఆగాయి. ఫోన్లు కలిపేవాళ్లు లేరు. తండ్రులు పిల్లలను వెంటపెట్టుకుని ఆఫీసులకు పోయారు. కాగితాలు, రంగు పెన్సిళ్లు, మిఠాయిలు కొనిచ్చి కూచోబెట్టారు. రేడియోలో వార్తలు చదువుతుంటే వెనక పిల్లల గోల వినపడింది. దుకాణాల్లో తేలిగ్గా ఉడికే మాంసం చుట్టలు అయిపోయాయి. వంట చేతకాని మగవాళ్లు అవే కొన్నారు మరి!

రేక్యవిక్‌లో ఒక్కచోట 25,000 మంది ఆడవాళ్లు చేరారు. అప్పటికి దేశం మొత్తం జనం 2,20,000. పాటలు పాడారు, మాట్లాడారు. రాళ్లు రువ్వలేదు, ఎవరినీ తిట్టలేదు. రాత్రికి ఇళ్లకు పోయారు.

మగవాళ్లు ఆ రోజుకు "పొడుగు శుక్రవారం" అని పేరు పెట్టుకున్నారు. గుడ్ ఫ్రైడేను వాళ్ల భాషలో అలాగే అంటారట. అంత కష్టంగా గడిచిందన్నమాట.

మర్నాటికల్లా అంతా మారిపోలేదు. 1976లో ఆడా మగా సమానం అనే చట్టం వచ్చింది. 1980లో విగ్దీస్ అనే ఆమె అధ్యక్ష పదవికి నిలబడింది. వి - గ్దీ - స్, ఒత్తు చూసి చదవండి. పూర్తి పేరు విగ్దీస్ ఫిన్‌బొగాదొత్తిర్, ఫిన్‌బొగి కూతురు. భర్త లేడు. ఒక పాపను పెంచుకుంటోంది. ముగ్గురు మగవాళ్ల మీద గెలిచింది. ప్రజలు ఓట్లు వేసి అధ్యక్షురాలిగా ఎన్నుకున్న మొదటి స్త్రీ ప్రపంచంలో ఆమే. 16 ఏళ్లు ఆ పదవిలో ఉంది.

ఒకే పనికి ఒకే జీతం ఇస్తున్నామని 25 మంది గాని, అంతకు మించి గాని పనిచేసే కంపెనీలు రుజువు చూపాలని 2018లో ఇంకో చట్టం పెట్టారు. అయినా తేడా పోలేదని 2023 అక్టోబరు 24న మళ్లీ ఒకరోజు పని మానారు. ఈసారి ప్రధానమంత్రి కూడా మానింది. ఆమె కూడా ఆడమనిషే.

అక్కడ అంతా స్వర్గం అనుకోవద్దు. ఆ దేశంలో థింగ్‌వెల్లిర్ అనే లోయ ఉంది. ఎనిమిది వందల ఏళ్లకు పైబడి, 930 నుంచి, అక్కడ బండల మీద ఆరుబయట సభ జరిగేది. చట్టాలన్నీ నోటికి నేర్చిన మనిషి ఒకడు నిలబడి చెప్పేవాడు. చూడడానికి వచ్చేవాళ్లకు అది చూపిస్తారు. అదే లోయలో ఒక మడుగు కూడా ఉంది. తప్పు చేసిందని తీర్పు చెప్పి ఆడవాళ్లను అందులో ముంచి చంపేవారు. అలా చనిపోయిన 18 మంది లెక్క తెలుసు. ఇప్పుడు మడుగు పక్కన వాళ్ల పేర్లు రాసిపెట్టారు.

ఈ పాఠం చదివిన రాత్రి మా తరగతిలో చప్పుడు లేదు. తరవాత ఒక పెద్దమ్మ అడిగింది. "మనం ఒకరోజు మానితే?"

"మిరప కోతల్లో మానితే కాయ రాలిపోద్ది. అప్పుడు తెలుస్తుంది" అంది ఒకామె.

"కాయ కంటే ముందు మన కూలి పోద్ది. ఆ పూట పిల్లలకు ఏం పెడతావ్?" అంది ఇంకొకామె.

ఇద్దరి మాటా నిజమే. మన దేశంలో కూడా అదే 1976లో సమాన వేతన చట్టం వచ్చింది. ఒకే పనికి ఆడా మగా ఒకే కూలి ఇవ్వాలని. 2019లో చేసిన వేతనాల చట్టంలోనూ ఆ మాట ఉంది. ఉపాధి పనికి పోయినప్పుడు ఒకే రేటు మనం చూశాం. చేలో మాత్రం "మందు కొట్టే పని వేరు, కాయ కోసే పని వేరు" అంటారు. పనినే రెండుగా విడదీస్తే చట్టం ఏం చేస్తుంది? ఈ మాట మీద మా తరగతి రాత్రి పది దాకా నడిచింది. ఇంకా తేలలేదు.

మాట్లాడుకుందాం, రాద్దాం

ఈ మాటలు ఒత్తులు చూసి పైకి చదవండి: విస్తీర్ణం, రేక్యవిక్, అగ్నిపర్వతం, ఇంద్రధనుస్సు, అధ్యక్షురాలు.

ఉతుకుల బాట అనే పేరు ఎలా వచ్చింది? మీ ఊళ్లో పనిని బట్టి పేరు వచ్చిన బాట గాని, బావి గాని ఉందా? దాని పేరు రాయండి.

మీ పుట్టింటి పేరు, మీ తల్లి పుట్టింటి పేరు రాయండి. మీ అమ్మమ్మ పుట్టింటి పేరు తెలుసా? తెలియకపోతే రేపు అడిగి రండి.

సమ్మె, సెలవు. ఈ రెండు మాటలకు తేడా ఏమిటి? మీరైతే ఏ మాట వాడతారు?

నిన్న పొద్దున లేచినప్పటి నుంచి రాత్రి పడుకునేదాకా మీరు చేసిన పనులన్నీ వరుసగా రాయండి. కూలి వచ్చిన పని పక్కన గీత గీయండి. మిగతా వాటి పక్కన ఏమీ రాయకుండా ఖాళీ వదలండి. రేపు ఆ కాగితం తరగతికి తెండి.